తాజాగా తాగితేనే సహ్తి: ఫిన్లాండ్ పల్లె పానీయంపై ఒక సమీక్ష

ఫిన్లాండ్ దక్షిణ భాగంలోని హామె ప్రాంతపు పల్లెల్లో బార్లీ, రై ధాన్యాల మాల్టును, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజలను, వేడినీళ్లలో నానబెట్టి, ఆ రసాన్ని జునిపర్ అనే సువాసనగల పొద కొమ్మల మీదుగా వడకట్టి, రొట్టెల పిండిలో కలిపే మామూలు ఈస్టుతో పులియబెట్టి తయారుచేసే పానీయం సహ్తి. హెల్సింకి, ఎస్పో, తంపెరె నగరాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్లలో చాలామంది దీని పేరు వినే ఉంటారు. కొందరు ఏదో ఒక పబ్బులో ఒక గ్లాసు రుచి చూసి, నురగ లేదని, చేదు లేదని, అరటిపండు వాసన వస్తోందని పక్కన పెట్టేసి ఉంటారు. ఆ అభిప్రాయం మారాలన్న కోరికతోనే ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో ప్రధానంగా తీసుకున్నది లమ్మి అనే ఊళ్లో లమ్మిన్ సహ్తి సంస్థ తయారుచేసే సహ్తి. దానితోపాటు ఆ చుట్టుపక్కల ఇళ్లలో చేసుకొనే సహ్తిని, ఇక్కడి బెర్రీ వైన్లను, మే నెల మొదటి రోజున ఇంటింటా తాగే సిమా అనే నిమ్మ పానీయాన్ని అవసరమైన మేరకు ప్రస్తావిస్తాను. నా తీర్పు ముందే చెబుతున్నాను: సహ్తి గొప్ప పానీయం, కానీ ఆ గొప్పతనం తయారైన చోటికి దగ్గరలో, తయారైన కొద్ది వారాల్లో, చల్లగా కాపాడినదాన్ని తాగినవాళ్లకే తెలుస్తుంది.

ఇంత చలి దేశంలో ఇటువంటి పానీయం ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని రుచి కూడా బాగా అర్థమవుతుంది. ఫిన్లాండ్ దక్షిణ తీరమే దాదాపు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. వేసవిలో పొద్దు ఎంత పొడుగ్గా ఉన్నా, ద్రాక్ష పండి తీపెక్కడానికి కావలసినన్ని వెచ్చని నెలలు ఇక్కడ లేవు. పశ్చిమ తీరంలో ఓల్కిలువోటో అనే చోట ఉన్న అణువిద్యుత్ కేంద్రంవాళ్లు, సముద్రంలోకి వదిలే శీతలీకరణ నీటి వేడితో నేలను వెచ్చబరచి, లాత్వియాలో రూపొందించిన జిల్గా అనే చలికి ఓర్చే ద్రాక్షను పండించి చూపించారు. అటువంటి ఏర్పాటు ఉంటే తప్ప ఆరుబయట ద్రాక్షతోట నిలదొక్కుకోవడం కష్టమైన నేల ఇది. అదే నేలలో బార్లీ, రై, ఓట్స్ మాత్రం చక్కగా పండుతాయి. అడవిలో జునిపర్ పొదలకూ బెర్రీలకూ కొదవ లేదు. ఉన్నవాటితోనే పండుగకు తగిన పానీయం చేసుకోవాలన్న పట్టుదలలోంచి సహ్తి వచ్చింది. పెళ్లిళ్లకు, కోతల ముగింపుకు, క్రిస్మస్‌కు, జూన్ నెలలో వచ్చే యుహన్నుస్ పండుగకు సహ్తి కాచడం ఈ పల్లెల్లో తరతరాల అలవాటు. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ ద్వీపంలోనూ, ఎస్టోనియాలోని సారెమా ద్వీపంలోనూ జునిపర్‌తో చేసే పల్లె బీర్లు నేటికీ ఉన్నాయి. గోట్లాండ్ పానీయంలో పొగబెట్టిన మాల్టు వాసన ముందుంటుంది, సహ్తిలో రై ధాన్యపు రుచి ముందుంటుంది. 2002లో ఐరోపా సమాఖ్య సహ్తికి సంప్రదాయ విశిష్ట ఉత్పత్తిగా గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపు ఒక ఊరికో ఒక సంస్థకో కాక, తయారీ పద్ధతికి ఇచ్చినదని గుర్తుంచుకోవాలి.

ఆ పద్ధతిని లమ్మికి దగ్గరలోని ఒక రైతు కుటుంబం ఇంట్లో మొదటినుంచి చివరిదాకా చూసే అవకాశం నాకు కలిగింది. మామూలు బీరు తయారీ తెలిసినవాళ్లకు కూడా అందులో ఆశ్చర్యపరిచే సంగతులు చాలా ఉంటాయి. ముందుగా మర పట్టించిన బార్లీ మాల్టును, దానికి కాస్త ముదురు రంగు రై మాల్టును కలిపి, గోరువెచ్చని నీళ్లతో తడిపి కాసేపు వదిలేస్తారు. తర్వాత విడతలు విడతలుగా, ప్రతిసారీ మునుపటికంటే వేడిగా ఉన్న నీళ్లు పోస్తూ, పొడవాటి కర్ర తెడ్డుతో అడుగంటా కలుపుతారు. 65 డిగ్రీల చుట్టుపక్కల ఆ ముద్దను చాలాసేపు ఉంచినప్పుడు, మొలకెత్తిన ధాన్యంలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఉదయం బూడిద రంగు జావలా ఉన్నది మధ్యాహ్నానికి గోధుమ రంగు తిరిగి, వేలు ముంచి నాకితే తేనెంత తియ్యగా తయారవుతుంది. ఈ పనికి ఒక పూట చాలదు, దాదాపు పగలంతా పడుతుంది. వంటింట్లో మంట చూసేది ఒకరు, తెడ్డు పట్టేది ఒకరు, నీళ్లు మోసేది మరొకరు. తొందరపెడితే చక్కెర సరిగా దిగదు, పానీయం పలుచబడుతుంది, అందుకే ఎవ్వరూ గడియారం వైపు చూడరు.

అసలు వేడుక వడకట్టే దగ్గర ఉంది. దానికి వాడే పాత్ర పేరు కూర్నా. నిలువునా చీల్చిన ఆస్పెన్ దుంగను లోపల తొలిచి చేసిన పొడవాటి తొట్టె అది, ఒక చివర అడుగున రంధ్రం, దానికి కర్ర బిరడా ఉంటాయి. నేను చూసిన కూర్నా మనిషి నిలువెత్తు పొడవు ఉంది. ఎన్నో ఏళ్ల వాడకంతో లోపలి చెక్క నల్లబడి, చేత్తో తడిమితే నున్నగా తగులుతోంది. దాని అడుగున ముందు సన్నని కర్రపుల్లలు అడ్డంగా పరిచి, వాటిమీద అప్పుడే కోసి తెచ్చిన జునిపర్ కొమ్మలను ఆకులతో సహా దట్టంగా పరిచారు. కొన్ని ఇళ్లలో రై గడ్డి కూడా వేస్తారట. ఆ పరుపు మీద వేడి వేడి ధాన్యపు ముద్దను బకెట్టుతో తోడి పోస్తుంటే, జునిపర్ ఆకుల జిగురు వాసన, రై రొట్టె కాల్చినప్పటి వాసన కలిసి గదంతా నిండిపోయింది. బిరడా కాస్త వదులు చేస్తే మొదట మడ్డి రసం వచ్చింది. దాన్ని మళ్లీ పైన పోశారు. రెండోసారికి, మూడోసారికి ధాన్యపు పొట్టే జల్లెడగా మారి, రసం తేరుకొని, దారంలా సన్నని ధారగా దిగడం మొదలైంది. ఆ మొదటి రసంతో చేసినదే అసలైన సహ్తి. మిగిలిన పిప్పి మీద మళ్లీ నీళ్లు పోసి దించిన పలుచని రసంతో తేలికైన రోజువారీ పానీయం చేసుకోవడం కూడా పూర్వం నుంచీ ఉన్నదే. వాణిజ్య తయారీలో ఇప్పుడు దుంగ తొట్టెకు బదులు ఎక్కువగా స్టీలు తొట్లు వాడుతున్నారు. దాంతో శుభ్రత సులువైంది, రుచికి పెద్ద నష్టం జరిగినట్టు నా నాలుకకు అనిపించలేదు. జునిపర్ కొమ్మలు తాజావి అయితే చాలు.

ఇక్కడ మామూలు బీరుకూ సహ్తికీ దారులు పూర్తిగా వేరవుతాయి. బీరు తయారీలో ఈ రసాన్ని హాప్స్ అనే చేదు పూలు వేసి చాలాసేపు మరిగిస్తారు, సహ్తిలో మాత్రం చాలా ఇళ్లలో అసలు మరిగించరు, మరిగించినా కొద్దిసేపే. హాప్స్ వేయకపోవచ్చు, వేసినా నామమాత్రమే. మరిగించకపోవడంవల్ల ధాన్యంలోని మాంసకృత్తులు పానీయంలోనే ఉండిపోయి దానికి చిక్కదనాన్ని, మసక రంగును ఇస్తాయి. హాప్స్ లేకపోవడంవల్ల చేదూ ఉండదు, ఎక్కువకాలం చెడకుండా కాపాడే గుణమూ ఉండదు. పులియబెట్టడానికి వాడే ఈస్టు కూడా ప్రత్యేకమైన బీరు ఈస్టు కాదు. ఫిన్లాండ్‌లో ఏ కిరాణా దుకాణంలోనైనా చల్లని అరలో దొరికే, 50 గ్రాముల చిన్న దిమ్మెలుగా అమ్మే, రొట్టెలు చేసుకొనే తాజా ఈస్టే ఇది. ఆ ఈస్టు వేగంగా, వెచ్చగా పనిచేస్తుంది. ఆ క్రమంలో అరటిపండు వాసననిచ్చే ఎస్టర్లను, లవంగం వాసననిచ్చే పదార్థాన్ని పుష్కలంగా విడుదల చేస్తుంది. కాబట్టి సహ్తిలో అరటిపండు వాసన రావడం లోపం కాదు, అది లేకపోతేనే ఏదో తేడా జరిగిందని అనుమానించాలి. రెండు మూడు రోజులు ఉధృతంగా పులిసిన తర్వాత పానీయాన్ని చల్లని నేలమాళిగలోకి దించి, అక్కడ మరికొన్ని రోజులు నిదానంగా కుదురుకోనిస్తారు.

ఇక లమ్మి సహ్తి సంగతి. హామెన్‌లిన్నా నగరానికి తూర్పున ఉన్న లమ్మి 2009 వరకు విడి పురపాలక ప్రాంతంగా ఉండి, ఆ ఏడాది హామెన్‌లిన్నాలో కలిసింది. హెల్సింకి నుంచి కారులో గంటన్నర దాటిన ప్రయాణం. చుట్టూ చెరువులు, పొలాలు, బిర్చ్ చెట్లు. సహ్తి ఇక్కడ కుళాయి బిగించిన అట్టపెట్టెలో వస్తుంది. లోపలి సంచీలోకి గాలి చొరబడదు గనుక, ఒకసారి తెరిచాక కూడా కొన్ని రోజులు రుచి నిలబడుతుంది. పానీయం స్వభావానికి తగిన ఏర్పాటు ఇది. సీసాలో పోసి మూత బిగిస్తే, ఇంకా బతికే ఉన్న ఈస్టు లోపల వాయువు పుట్టిస్తూనే ఉంటుంది కాబట్టి పొంగే ప్రమాదం ఉంది.

గ్లాసులోకి పట్టినప్పుడు రంగు ముదురు తేనెకూ ఇటుకకూ మధ్యలో ఉంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టినా ఆవలి వేళ్లు కనిపించనంత మసకగా ఉంటుంది. నురగ పలుచని పొరలా ఏర్పడి నిమిషంలో పోతుంది. బుడగలు చాలా తక్కువ, ఆ కారణంగానే నాలుక మీద మెత్తగా, దాదాపు నూనె పూసినట్టు జారుతుంది. వాసనలో మొదట బాగా మిగలపండిన అరటిపండు, వెనుకగా లవంగం, ఇంకొంచెం ఆగితే రై రొట్టె పైపెచ్చు, చివరన జునిపర్ తాలూకు పచ్చి అడవి వాసన. రుచిలో తీపి ముందుంటుంది, అది చక్కెర తీపి కాదు, మొలకల ధాన్యంలోని తీపి. ఎండుద్రాక్ష, కాస్త బెల్లపు పాకం గుర్తొచ్చేలా ఉండి, గొంతు దిగేటప్పుడు జునిపర్ జిగురు సన్నగా తగులుతుంది. చేదు లేని లోటును ఆ జిగురే తీరుస్తుంది, లేకపోతే రెండో గ్లాసుకే వెగటు పుట్టేది. ఆల్కహాల్ 8 శాతానికి కాస్త తక్కువ. అయితే తీపి, చిక్కదనం కలిసి ఆ ఘాటును పూర్తిగా కప్పేస్తాయి. సహ్తిని బీరు అనుకొని బీరు వేగంతో తాగేవాళ్లు లేచి నిలబడ్డప్పుడుగానీ దాని బలం గ్రహించరు. ఇళ్లలో చేసే సహ్తి 10 శాతం దాకా కూడా వెళ్తుంది. పూర్వం హారిక్కా అనే రెండు పిడుల చెక్కపాత్రలో పోసి, చేతులు మారుతూ అందరూ ఒక్కొక్క గుక్క తాగేవారు. ఈ పానీయం తాగవలసిన వేగం నిజానికి అదే.

మరి సహ్తి మీద అన్ని ఫిర్యాదులు ఎందుకు? తాటిచెట్టు నుంచి దించిన కల్లు పొద్దున్నే తియ్యగా ఉండి, మధ్యాహ్నానికి ఘాటెక్కి, సాయంత్రానికి పుల్లబడుతుందని మన పల్లెల్లో తెలియనివాళ్లు ఉండరు. సహ్తిదీ అదే ధర్మం, కాకపోతే ఈ చలిలో ఆ గంటలు వారాలవుతాయి. తయారైన తొలి రోజుల్లో అది తియ్యగా, గుమగుమలాడుతూ ఉంటుంది. ఆ తర్వాత ఈస్టు మిగిలిన చక్కెరను తింటూ పోయేకొద్దీ తీపి తగ్గి, ఘాటు పైకి తేలుతుంది. ఈ మధ్యదశనే నేను అన్నిటికంటే ఇష్టపడతాను, ఎందుకంటే రై రుచి, జునిపర్ రుచి అప్పుడే విడివిడిగా తెలుస్తాయి. ఇంకా నిలవ ఉంచితే, మరిగించని రసంలో మొదటినుంచీ ఉన్న లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పైచేయి సాధించి, పులుపు మొదలవుతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెడితే ఈ మార్పులన్నీ నెమ్మదిస్తాయి. గది వేడిమిలో పెడితే పరుగెత్తుతాయి.

నగరంలో ఒక పబ్బులో నాకు ఇచ్చిన సహ్తి ఈ చివరి దశ కూడా దాటిపోయినది. గ్లాసు ముక్కు దగ్గరకు తెచ్చుకోగానే వెనిగర్ వాసన వచ్చింది. అడిగితే సహ్తి అంటే ఇలాగే ఉంటుందని సమాధానం. అలా చెప్పడం నన్ను నిజంగా బాధపెట్టింది. ఆ రోజు పక్క బల్ల దగ్గర దాన్నే మొదటిసారి రుచి చూస్తున్న పరాయి దేశస్థులు ఉన్నారు, వాళ్లు ఇక జన్మలో మళ్లీ సహ్తి జోలికి వెళ్లరు. పుల్లబడిన కల్లు తాగి కల్లు రుచి ఇంతేనని తీర్మానించేవాడికి మనం ఏం చెబుతామో, ఇక్కడా అదే చెప్పాలి. సహ్తి అమ్మదలచిన పబ్బు దాన్ని చల్లని అరలోనే ఉంచాలి, పీపా తెరిచిన తేదీ రాసిపెట్టుకోవాలి, పుల్లబడినదాన్ని పారబోయాలి. అంత శ్రద్ధ పెట్టలేనివాళ్లు అమ్మకపోవడమే మంచిది. మీకు అనుమానంగా ఉంటే పీపా ఎప్పుడు తెరిచారని నిస్సంకోచంగా అడగండి. బాగా చూసుకొనేచోట ఆ ప్రశ్నకు వెంటనే, సంతోషంగా జవాబిస్తారు.

కొనడం విషయంలో ఈ దేశపు చట్టాలు కొంత తెలిసి ఉండాలి. ఫిన్లాండ్‌లో 1919 నుంచి 1932 వరకు మద్యనిషేధం అమలైంది. అది ఎత్తివేశాక 1932 ఏప్రిల్ 5న ఉదయం 10 గంటలకు ప్రభుత్వ మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. ఆల్కో పేరుతో నడుస్తున్న ఆ దుకాణాలదే ఘాటైన పానీయాల చిల్లర అమ్మకంలో నేటికీ గుత్తాధిపత్యం. కిరాణా దుకాణాల్లో 2018 నుంచి 5.5 శాతం వరకు ఉన్న పానీయాలు అమ్మనిచ్చారు. 2024 జూన్ నుంచి పులియబెట్టి చేసిన పానీయాలకు ఆ పరిమితిని 8 శాతానికి పెంచారు. దాంతో 8 శాతం లోపు ఉండే సహ్తికి చట్టరీత్యా కిరాణా దుకాణాల తలుపులు తెరుచుకున్నట్టే. వినడానికి ఇది శుభవార్తే, కానీ నాకు ఇందులో కొంత ఆందోళన కూడా ఉంది. రోజుల తరబడి అరల్లో ఉండే సరుకుగా సహ్తి ఎప్పుడూ ఇమడలేదు, దానికి కావలసిన చల్లదనం, వేగం ప్రతి దుకాణంలో దొరకవు. చిన్న తయారీదారులు తమ దగ్గరే నేరుగా అమ్ముకోవడానికి చట్టం అనుమతిస్తోంది కాబట్టి, వీలైనంతవరకు అక్కడికే వెళ్లి కొనమని నా సలహా. అక్కడ ఈ వారం తయారైనదా, పోయిన వారందా అని అడిగి మరీ తెచ్చుకోవచ్చు. ధర మామూలు బీరుకంటే ఎక్కువే. ఒక్కో లీటరుకు ఎంత ధాన్యం పడుతుందో, ఎంతసేపు మనుషులు నిలబడి పనిచేస్తారో చూసినవాణ్ణి గనుక ఆ ధర నాకు న్యాయంగానే తోచింది.

బెర్రీ వైన్ల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వాటిలో సహ్తికి సాటి వచ్చేది నాకు ఒక్కటే దొరికింది. తోటల్లో పండించిన పండ్లతో, బెర్రీలతో చేసిన వైన్లను 13 శాతం వరకు రైతులు తమ దగ్గరే అమ్ముకోవచ్చు. దేశంలో చాలాచోట్ల అటువంటి చిన్న వైన్ తయారీ కేంద్రాలు కనిపిస్తాయి. బెర్రీల్లో చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ. అందుచేత రసంలో నీళ్లు, చక్కెర కలిపితే తప్ప వైన్ కుదరదు, ఆ కలపడంలోనే తయారీదారుడి నేర్పు బయటపడుతుంది. స్ట్రాబెర్రీ వైన్ మొదటి నెలల్లో బాగుంటుంది, తర్వాత రంగూ వాసనా రెండూ వెలిసిపోతాయి. లింగన్‌బెర్రీలో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉంటుంది. ఆ గుణంవల్లే ఇక్కడివాళ్లు ఆ పండ్లను నలిపి నీళ్లలో వేసి చలికాలమంతా నిలవ ఉంచుకొనేవారు. అదే ఆమ్లం ఈస్టును కూడా అణచివేస్తుంది కాబట్టి, లింగన్‌బెర్రీ వైన్ పులియబెట్టడం కష్టమైన పని. మంచి లింగన్‌బెర్రీ వైన్ దొరికితే దాని తయారీదారుణ్ణి మెచ్చుకోవలసిందే. బ్లాక్‌కరెంట్ అనే నల్లని చిన్న బెర్రీల వైన్ మాత్రం మొదటి గుక్కనుంచే నిలదొక్కుకుంటుంది. ముదురు ఊదారంగు, ఆకు నలిపినప్పటి వాసన, పులుపుకు తగిన వగరు ఉండి, కాస్త తీపి తగ్గించి చేసినది భోజనంలోకి కూడా బాగుంటుంది. ద్రాక్ష వైన్‌ను అనుకరించాలని ప్రయత్నించే బెర్రీ వైన్లకంటే, తాను బెర్రీనని దాచుకోనివే నాకు నచ్చాయి.

మద్యం ముట్టనివాళ్లకు, పిల్లలున్న ఇళ్లకు ఈ దేశపు పులియబెట్టే సంప్రదాయంలో సిమా ఉంది. మే 1న వచ్చే వప్పు పండుగకు ఇది తప్పనిసరి. 5 లీటర్ల నీళ్లకు అరకిలో చక్కెర, అందులో సగం ముదురు రంగుది, రెండు నిమ్మకాయలు, బఠాణీ గింజంత తాజా ఈస్టు చాలు. పెద్ద నిమ్మకాయల పసుపుపచ్చ తొక్కను పలుచగా చెక్కి, తెల్లని భాగం తీసేసి, ముక్కలు కోసి, చక్కెరతోపాటు మరిగే నీళ్లలో వేసి, చేయి పట్టేంత చల్లారాక ఈస్టు కలిపి ఒకరోజు వదిలేస్తారు. మర్నాడు వడకట్టి, ఒక్కో సీసాలో ఒక చెంచా చక్కెర, నాలుగైదు ఎండుద్రాక్షలు వేసి, మూత గట్టిగా బిగించకుండా చల్లనిచోట పెడతారు. అడుగున ఉన్న ఎండుద్రాక్షలు వాయువుతో ఉబ్బి పైకి తేలినప్పుడు సిమా సిద్ధమైనట్టు లెక్క. ఆల్కహాల్ అతి స్వల్పంగా ఉంటుంది, అసలే వద్దనుకొనేవాళ్లు ఆ సంగతి గమనించాలి. దుకాణంలో దొరికే సిమా తియ్యటి సోడాలా ఉంటుంది. ఇంట్లో చేసుకొన్నదానిలో నిమ్మతొక్క సువాసన, ఈస్టు మెత్తదనం రెండూ ఉంటాయి కనుక, మన ఇళ్లలో కూడా ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి ప్రయత్నించమని గట్టిగా చెబుతాను. రై మాల్టుతో చేసే కల్యా అనే ముదురు రంగు తేలిక పానీయం కూడా ఉంది, క్రిస్మస్ భోజనాల బల్ల మీద అది తప్పక కనిపిస్తుంది. సహ్తి రుచి నచ్చుతుందో లేదో తేల్చుకోలేనివాళ్లు ముందు ఒక గ్లాసు కల్యా తాగి చూస్తే రై రుచికి నాలుక అలవాటుపడుతుంది.

భోజనంతో పొత్తు గురించి కూడా అడుగుతుంటారు. ఇక్కడి పద్ధతిలో అయితే పొగబెట్టిన పంది మాంసం, ఉప్పు పట్టించిన చేప, వెన్న రాసిన రై రొట్టె సహ్తికి సహజమైన జత, ఉప్పదనం దాని తీపిని అదుపులో పెడుతుంది. మన వంటలతో కూడా ప్రయత్నించాను. గోంగూర మాంసం, ఆవకాయ వంటి కారం, పులుపు రెండూ పైస్థాయిలో ఉండే వంటలతో సహ్తి కుదరదు, కారానికి ఆల్కహాల్ తోడై నోరు మండుతుంది, జునిపర్ రుచి తెలియకుండానే పోతుంది. ఉప్పు వేసి వేయించిన పల్లీలు, పప్పుచెక్కలు, మిరియాలు మాత్రమే వేసి చేసిన కోడి వేపుడు మాత్రం చక్కగా కుదిరాయి. వేడుకల్లో పెట్టదలచుకొన్నవాళ్లు భోజనానికి ముందు చిన్న గ్లాసులతో ఇవ్వడం మంచిది. భోజనంతో పాటు జోరుగా పోస్తే ఆకలి చచ్చిపోయేంత చిక్కదనం దీనిది.

వడ్డించేటప్పుడు 8 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటే వాసనలు బాగా విచ్చుకొంటాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే తీపి తప్ప ఇంకేమీ తెలియదు, కాబట్టి గ్లాసులో పోసి పావుగంట ఆగండి. హాప్స్ చేదు కోసం, గలగలా పొంగే నురగ కోసం వెతికేవాళ్లకు నేను సహ్తిని సిఫార్సు చేయను. ధాన్యపు రుచి ఇష్టపడేవాళ్లు, తాజా కల్లు రుచి మరవనివాళ్లు మాత్రం ఫిన్లాండ్‌లో ఉన్నన్ని రోజుల్లో ఒకసారైనా లమ్మి వైపు వెళ్లి, తయారైనచోటే కొని తాగి తీరాలి. మొదటిసారికి చిన్న పెట్టె చాలు, ఎందుకంటే తెరిచాక వారంలోపు అవ్వకపోతే మంచి దశ దాటిపోతుంది. వేసవిలో వెళ్తే కారులో మంచుదిమ్మెలున్న పెట్టె తప్పక ఉండాలి, దారిలో రెండు గంటల ఎండ తగిలినా పులుపు ముందుకు జరుగుతుంది. తిరుగు ప్రయాణంలో బండి నడిపేవారు అక్కడ రుచి చూడడం కూడా మానుకోవాలి. ఈ దేశంలో బండి నడిపేవారి రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.5 ప్రోమిల్, అంటే వెయ్యికి అర వంతు, సహ్తి ఒక పెద్ద గ్లాసు తాగినా దానికి దగ్గరకు చేరే అవకాశం ఉంది. తెచ్చినదాన్ని ఇంటికి రాగానే ఫ్రిజ్ అడుగు అరలో నిలువుగా పెట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగి, మర్నాటి మొదటి గ్లాసు నిండుగా, మెత్తగా వస్తుంది.